గోరంత కిటికీకి రంగు

ఆరడుగుల ఎత్తును 72 సమభాగాలు చేస్తే ఒక్కొక్క భాగం సరిగ్గా ఒక అంగుళమవుతుంది. బల్లమీద ఆడే ఆటల కోసం తయారయ్యే చిన్న నమూనాలలో బాగా వాడుకలో ఉన్న కొలతలలో ఇదొకటి. ఆ లెక్కన కర్నూలు పాతబస్తీలోని ఒక ఇంటి వాకిలి అంగుళం ఎత్తుంటుంది. కిటికీ చిటికెనవేలి గోరంత ఉంటుంది. మెట్టు బియ్యపుగింజ మందాన్ని మించదు. ఆ గోరంత కిటికీకి గీత దాటకుండా రంగు వేయడం నేర్చుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాము.

కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్ వెళ్లి కష్టపడుతున్న వేలమందిలో మా అన్నగారి అబ్బాయి ఒకడు. రెండేళ్లకొకసారి వచ్చేటప్పుడు ఖర్జూరాలు, అత్తరు, దుప్పట్లతోపాటు పిల్లలకేదైనా ఆటవస్తువు తెస్తాడు. ఈసారి తెచ్చిన పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయి. కోటగోడలు, బురుజులు, ఒక బావి, కొన్ని చెట్లు, వాటితోపాటు సిపాయిలు, గుర్రాలు. దేనికీ రంగు లేదు. పెట్టెలో ఏదో తక్కువైందని మా పెద్దవాడు అనుకున్నాడు. రంగు వేయకుండా అమ్మడమే ఆ వ్యాపారపు రివాజు అని, కొన్నవాడే కూర్చుని వేసుకోవాలని మా అన్నగారి అబ్బాయి వివరించాడు.

ఈ ఆటలకు ఇంగ్లండులో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. హెచ్.జి. వెల్స్ అనే ప్రసిద్ధ రచయిత 1913లోనే బొమ్మ సిపాయిలతో బల్లమీదా నేలమీదా ఆడే యుద్ధక్రీడకు నియమాలు కూర్చి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం ప్రచురించాడు. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, 1975లో లండన్‌లో ‘గేమ్స్ వర్క్‌షాప్’ అనే సంస్థ వచ్చిన తరువాత ఇది పెద్ద వ్యాపారమైంది. అక్కడ అనేకమందికి ఆట ఒక సాకు మాత్రమే, వారి సాయంకాలాలన్నీ రంగులకే పోతాయట. ఆ చరిత్ర మనకింతకంటే అవసరం లేదు.

మనకు అవసరమైన ప్రశ్న వేరే ఉంది. అది పాఠకులలో చాలామందికి ఈపాటికే తట్టి ఉంటుంది. సిపాయిలు, గుర్రాలు ప్రాణులు. ప్రాణుల ప్రతిమలు చేయడం గురించి హదీసులలో ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో తెలిసిన ఇల్లు మాది. అదే సమయంలో హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని, వాటిలో రెక్కల గుర్రం కూడా ఉండేదని, దైవప్రవక్త (సఅసం) దానిని చూసి నవ్వారని వచ్చిన ఉల్లేఖనాలూ ఉన్నాయి. వాటి ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు మినహాయింపు ఇచ్చిన ఉలమా ఉన్నారు, ఇవ్వని వారూ ఉన్నారు. మా మొహల్లా ఇమామ్ సాహెబ్ గారిని అడిగాము. ఆయన ఏ పక్షాన్నీ తక్కువ చేయకుండా రెండూ చెప్పి, బొమ్మలు గీయడమే జీవనోపాధిగా ఉన్న ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇచ్చిన సలహాను గుర్తుచేశారు. చెట్లను, ప్రాణంలేని వస్తువులను చిత్రించుకొమ్మని ఆయన ఆ వ్యక్తికి చెప్పారు. “ఆడుకునే వయసు పిల్లలది, రంగులు వేసేది మీరంతా కూర్చుని. అలాంటప్పుడు సందేహం లేనిది తీసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది కదా” అన్నారు ఇమామ్ సాహెబ్.

మేమిద్దరం ఆలోచించి సిపాయిలను, గుర్రాలను మూటగట్టి కువైట్ పెట్టెలోనే తిరిగి పెట్టాము. మా అన్నగారి అబ్బాయి నొచ్చుకోలేదు. గోడలు, బురుజులు, బావి, చెట్లు మిగిలాయి. ఆటకు పావులు కావాలని పిల్లలు గోలపెడితే పులిజూదానికి వాడినట్టే చింతగింజలు తెచ్చి, ఒక వైపువారికి ఎరుపు, మరొక వైపువారికి నీలం వేసి ఇచ్చాము. పావుకు ముఖం లేకపోతే ఆట సాగదన్నది నిజం కాదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇరాన్‌లోని నీషాపూరులో దొరికిన 12వ శతాబ్దపు చదరంగం పావులున్నాయి. వాటిలో ఏనుగుకు తొండం లేదు, గుర్రానికి ముఖం లేదు. నున్నని దిమ్మెలమీద చిన్న బుడిపెలను బట్టి ఏది ఏదో తెలుసుకోవాలి. చదరంగం ఆట గురించి ఇమాముల అభిప్రాయాలు వేరు, ఆ చర్చ ఇక్కడ మాది కాదు. ఆ పనివారు ప్రాణిరూపం లేకుండానే పావులను ఎంత అందంగా తీర్చారో చూడమని మాత్రమే మా మనవి.

ఇక పని సంగతి. ఈ విద్యలో చేరిన ప్రతివారికీ ఎదురయ్యే మొదటి అడ్డంకి రంగు మందం. సీసాలోంచి తీసిన యాక్రిలిక్ రంగును ఉన్నదున్నట్టు పూస్తే గోడమీది రాళ్ల సందులు, తలుపు చెక్కల గీతలు అన్నీ పూడిపోతాయి. గోరంత వస్తువు మీద వెంట్రుకంత మందం కూడా ఎక్కువే. పెద్దవాడు మొదటి బురుజుకు ఆ విధంగానే రంగు పట్టిస్తుండగా వెనుకనుండి ఒక గొంతు వినిపించింది. “ఏమి రా, అంత గట్టిగా కలిపినావు? గోడకు పిడకలు కొడ్తాండావా?”

ఆ గొంతు మా పిల్లల నానాది, అంటే వారి తల్లికి తండ్రిగారిది. మా ఇంట్లో అందరమూ ఆయనను నానా అనే పిలుస్తాము. ఆయన గురించి కొంత చెప్పక తప్పదు.

నానా కడపలో బోర్డు ఆర్టిస్టు. పదిహేనేళ్ల వయసులో ఒక ఉస్తాద్ దగ్గర చేరి, డబ్బాలు కడగడంతో మొదలుపెట్టి, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ నాలుగు లిపులలో రాయగలిగిన పనివాడయ్యారు. కడపలో, ప్రొద్దుటూరులో బట్టల దుకాణాలు, మెడికల్ షాపులు, లారీల వెనుక చెక్కలు, మదరసాల ద్వారాలపై పేర్లు, పెద్ద దర్గా ఉరుసు రోజులలో కట్టే బట్ట బ్యానర్లు ఆయన చేతిమీదుగా నడిచాయి. 2000 సంవత్సరం దాటిన తరువాత ఫ్లెక్స్ మిషన్లు వచ్చాయి. మూడు రోజులు పట్టే బోర్డు గంటలో, అందులో మూడోవంతు ధరకు చేతికొచ్చేసరికి దుకాణదారులను తప్పుపట్టడానికీ లేదు. ఊరిలోని బోర్డు పనివారు ఒక్కొక్కరే ఆటోలు నడపడానికి, సున్నాల పనికి, గల్ఫుకు వెళ్లిపోయారు. నానా ఒక బంధువు దుకాణంలో లెక్కలు చూస్తూ పన్నెండేళ్లు గడిపారు. నానీ వెళ్లిపోయిన తరువాత కర్నూలులో మా దగ్గరికి వచ్చారు.

వచ్చేనాటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. ప్రాణభయం లేదని, వయసుతోపాటు కొందరికి ఇలా వస్తుందని వైద్యులు చెప్పారు. మందులు కొంత తగ్గించాయి. అయితే ఆయన తనంతట తాను కొన్ని పనులు మానుకున్నారు. ఫజ్ర్ నమాజు తరువాత తోటివారితో హోటల్లో టీ తాగడం మానేశారు, సాసర్ మోగుతుందని. ఇంటికి అతిథులు వస్తే అన్నం లోపలే తినేవారు. ఒకసారి పెన్షను పనిమీద బ్యాంకుకు తీసుకువెళ్తే సంతకం పాత సంతకంతో కలవలేదు, ఇక వేలిముద్ర వేయమన్నారు. నలభై ఏళ్లపాటు ఊరందరి పేర్లూ రాసిన మనిషి సిరా బిళ్లమీద బొటనవేలు అద్ది, దారిపొడవునా ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుండి మా ఇంట్లో ఆయన మాట మరీ తగ్గిపోయింది.

కాబట్టి పిడకల మాట విన్నప్పుడు మేమిద్దరం వంటింట్లో ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

“రంజాన్‌కు ముందర ఇంటికి సున్నం ఎట్ల కొడ్తారు? ఒక్కసారే గట్టిగా కొడితే పెచ్చులూడ్తాది. పాలమాదిరి కలిపి, ఒక చెయ్యి ఎయ్యి. ఆరనీ. మళ్ల ఇంకో చెయ్యి” అన్నారాయన. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ ఈ విద్య నేర్పేవారంతా మొదట చెప్పే సూత్రం ఇదే అని తరువాత మాకు తెలిసింది. ఒక మందపు పూత బదులు రెండు పలుచని పూతలు వేయాలి. మొదటి పూతలో కింది రంగు కనిపిస్తుంది, అప్పుడు భయపడి మళ్లీ మళ్లీ పూయకూడదు. పూర్తిగా ఆరే దాకా వేచి ఉండాలి. పదమూడేళ్ల పిల్లవాడికి అన్నిటికంటే కష్టమైన భాగం ఈ వేచి ఉండటమే.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు రంగు పళ్లెంలోనే ఎండిపోతుంది, పైన ఫ్యాను తిరుగుతుంటే కుంచె మీదే ఎండిపోతుంది. దీనికి మార్గం తడి పళ్లెం. దుకాణంలో కొననక్కరలేదు. స్టీలు టిఫిన్ డబ్బా మూతలో తడిపిన నూలుగుడ్డను నాలుగు మడతలు పరచి, దానిమీద బటర్ పేపరు వేసి, ఆ కాగితంమీద రంగు కలుపుకోవాలి. కింది తడి కాగితంలోంచి కొంచెం కొంచెంగా పైకి వస్తూ రంగును పూటంతా బతికిస్తుంది. పని అయ్యాక డబ్బాతో మూసిపెడితే మరునాటికీ పనికొస్తుంది. నీళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరునీళ్లతో రంగు పలచన చేస్తే, ఆరిన తరువాత ముదురు రంగులమీద తెల్లని పొర తేలుతుంది. తాగే నీళ్లే వాడాలి, రోజుకు పట్టేది అరగ్లాసు మాత్రమే.

మొదటి పూతకు ముందు ప్రైమర్ వేయాలి, లేకపోతే ప్లాస్టిక్‌మీద రంగు నిలవదు. డబ్బాలోంచి స్ప్రే చేసే ప్రైమరు మిట్టమధ్యాహ్నం వేడిగాలిలో కొడితే తుంపరలు గాలిలోనే సగం ఆరి, వస్తువుమీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడతాయి. ఫజ్ర్ తరువాత, గాలి లేవకముందు, మిద్దెమీద ఆ పని ముగించడం మా ఇంటి ఆనవాయితీ అయింది. మిద్దెమీద పరిచింది బేతంచెర్ల బండలు కాబట్టి మరక పడితే అమ్మీకి సమాధానం చెప్పుకోవాలి, అందుకని పాత అట్టపెట్టె ఒకటి వెంట తీసుకువెళ్తారు.

కుంచెల గురించి రెండు మాటలు. రంగుల దుకాణాలలో ‘హాగ్ హెయిర్’ అని రాసి ఉన్న కుంచెలు పంది వెంట్రుకలతో చేసినవి. చాలామందికి ఆ మాట అర్థం తెలియక కొంటారు. సింథటిక్ అని ఉన్నవి అడిగి తీసుకోవచ్చు, ధర కూడా తక్కువ. సన్నని పనికి మరీ సన్నని కుంచె కావాలనుకోవడం సహజమే గాని, మూడు సున్నాల కుంచెలో రంగు నిలవదు, రెండు గీతలకే ఎండిపోతుంది. ఒకటో నంబరు కుంచె మొన బాగుంటే కిటికీ చువ్వ కూడా గీయవచ్చు. మొనకోసం కుంచెను పెదవులతో తడిపే అలవాటు కొన్ని దేశాలలో ఉంది. నూరేళ్ల క్రితం అమెరికాలో గడియారాలకు రేడియం రంగు వేసే ఆడపిల్లలు ఆ విధంగానే కుంచెలను పెదవులతో మొనదేర్చి ప్రాణాలమీదికి తెచ్చుకున్నారు. మన రంగులలో రేడియం లేదు గాని, తడిగుడ్డ ఉండగా నోరెందుకు?

వుజూ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యాక్రిలిక్ రంగు ఆరితే చర్మంమీద, గోళ్లమీద ప్లాస్టిక్ పొరలా పట్టుకుంటుంది, దాని కిందికి నీరు చేరదు. నమాజుకు ముందు దానిని తీయకపోతే వుజూ పూర్తికాదు. తడిగా ఉన్నప్పుడే కడిగితే సబ్బుతో పోతుంది. ఆరిపోతే కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచి గీరాలి. అజాన్‌కు పది నిమిషాల ముందు కుంచెలు కడిగేయాలన్న నియమం ఇలా ఏర్పడింది. పిల్లలు దానిని మాకంటే బాగా పాటిస్తున్నారు. అస్ర్, మగ్రిబ్‌ల మధ్య పని సాగించనివ్వరని చిన్నదాని ఫిర్యాదు.

చేతిని నిలపడం నానా నేర్పిన రెండో పాఠం. బోర్డు రాసేవారి దగ్గర ఒక కర్ర ఉంటుంది, కొనకు గుడ్డ ఉండ కట్టి బోర్డుకు ఆనించి, దానిమీద మణికట్టు మోపి రాస్తారు. ఇంత చిన్న వస్తువుకు ఆ కర్ర పనికిరాదు. రెండు మోచేతులూ బల్లకు ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి తాకించి, ఊపిరి వదులుతూ గీతను తనవైపు లాగాలి. వస్తువును వేళ్లతో పట్టుకోకుండా మందుసీసా మూతకు అతికించి, మూతను పట్టుకోవాలి. ఇవన్నీ ఆయన నోటితో చెప్పారు. కుంచె మాత్రం ముట్టలేదు. “మీరు చూపీండి నానా” అని చిన్నది ఎన్నిసార్లు అడిగినా, చత్వారమని ఒకసారి, వెలుతురు లేదని ఒకసారి తప్పించుకున్నారు.

చిన్నదానికి ఒక సాయంత్రం ఆయన ఇబ్నె ముఖ్లా కథ చెప్పారు. బాగ్దాదులో ఖలీఫాల దగ్గర వజీరుగా పనిచేసిన ఆయన క్రీ.శ. 940లో మరణించారు. అరబీ అక్షరాలను కలం మొనతో పెట్టిన నుక్తాలతో కొలిచే పద్ధతి ఆయన పేరుమీదనే ప్రసిద్ధం. అలిఫ్ ఎన్ని నుక్తాల ఎత్తుండాలో తేలితే మిగిలిన అక్షరాలన్నీ దానిని బట్టి వస్తాయి. నానాకు ఉస్తాద్ నేర్పింది కూడా ఆ కొలతే. రాజకీయాలలో శత్రువులు ఆయన కుడిచేతిని నరికించారు. ముంజేతికి కలం కట్టుకుని ఆయన రాస్తూ పోయారని చరిత్రకారులు రాశారు. కథ విని చిన్నది చాలాసేపు ఆలోచించి, “మీకు రెండు చేతులూ ఉన్నాయి కదా నానా” అంది. మేము లోపల ఊపిరి బిగబట్టాము. నానా కోప్పడలేదు. “ఉండాయిలే. మాట వినేదే లేదు” అన్నారు.

దారి చూపినది డ్రై బ్రష్ అనే పద్ధతి. రాతికి రంగు వేయడానికి దానిని మించినది లేదు. మొదట వస్తువుకు మొత్తంగా నలుపో ముదురు బూడిదరంగో వేయాలి. తరువాత పాత, మొండి కుంచెకు లేత బూడిదరంగు అద్ది, గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగు లేదనిపించే దాకా తుడవాలి. ఆ ఎండిన కుంచెతో వస్తువుమీద అటూ ఇటూ రాస్తే, పల్లాలకు అంటకుండా మిట్టలకు మాత్రమే రంగు అంటుతుంది. రాళ్ల అంచులు, మెట్ల కొనలు, సందుల చీకట్లు అన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. కడప నల్లబండను గనిలో కొత్తగా చీల్చినప్పుడు అంచులు తెల్లగా కనిపిస్తాయే, సరిగ్గా ఆ తీరుగా ఉంటుంది.

ఈ పనికి నిలకడైన చేయి అక్కరలేదు. నిజానికి చేయి ఒకే దారిలో పోకుండా కొంచెం కదులుతూ ఉంటేనే రాయి సహజంగా వస్తుంది. పెద్దవాడు వేసిన గోడ మరీ చారలు చారలుగా వచ్చిందని నానా పక్కన కూర్చుని విసుక్కుంటూ, చివరికి కుంచె లాక్కుని తానే వేశారు. ఒక గోడ అయిపోయింది. రెండోది అడిగారు. ఎవరమూ ఏమీ అనలేదు. అంటే ఆపేస్తారని మా భయం. ఆ రాత్రి ఇషా వేళకు ఆరు గోడలు, బావి గట్టు పూర్తయ్యాయి. పిల్లలవాటి పక్కన పెడితే ఏవి ఆయనవో చెప్పనక్కరలేదు.

ఆ తరువాత ఆయనకు ఏ పనులు నప్పుతాయో ఆయనే వెతుక్కున్నారు. బాగా పలచన చేసిన గోధుమరంగును వస్తువంతటా పారించి, సందులలో నిలవనిచ్చే పద్ధతి ఒకటి ఉంది, దానికీ నిలకడ అవసరం లేదు. వేపచెట్టు ఆకులకు చిన్న స్పాంజి ముక్కతో చుక్కలు అద్దడం ఆయనదే. రంగులు కలపడంలో మా ఇంట్లో ఎవరమూ ఆయన దగ్గరికి పోలేము. నీడకు నలుపు కలపనివ్వరు. “నీడ నల్లగా ఉండదు రా. పోయి చూడు” అంటారు.

పోయి చూశాము. ఈ విద్యలో మేము పొందిన మేలు ఎక్కువగా ఈ చూడటంలోనే ఉంది. కర్నూలులో పుట్టి పెరిగినవారికి కొండారెడ్డి బురుజు బస్సు దిగే గుర్తు మాత్రమే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలపు ఆ కట్టడాన్ని మేము పదిసార్లయినా ఆగి చూసి ఉండము. ఇప్పుడు పెద్దవాడు ఉదయం ఒకసారి, అస్ర్ వేళ ఒకసారి దానికింద నిలబడి, నీడపడిన వైపు నీలిబూడిద అని, ఎండపడిన వైపు తేనె రంగు అని పుస్తకంలో రాసుకొచ్చాడు. హంద్రీ ఒడ్డున బిజాపూరు కాలపు అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి గుమ్మటాలు వానకు నల్లబడిన చోట కూడా నలుపులో పచ్చదనం ఉందని కనిపెట్టింది చిన్నది. 18వ శతాబ్దంలో ఈ కర్నూలులోనే, నవాబుల కాలంలో, దక్కనీ సూక్ష్మచిత్రాలు గీసే పనివారుండేవారని కళాచరిత్రకారులు చెబుతారు. వారు కూడా ఈ ఎండలోనే రంగు ఆరిపోకుండా అవస్థపడి ఉంటారు కదా అని మా ఇంట్లో ఒక ముచ్చట.

డిసెంబరు సెలవులలో గండికోటకు వెళ్లాము. జామియా మస్జిద్ మినార్లు, ఎదురుగా ధాన్యాగారం, వెనుక పెన్నా చీల్చిన ఎర్రరాతి లోయ. నానా ఆ లోయ అంచుదాకా రాలేదు, మస్జిద్ మెట్లమీద కూర్చుని రంగులు చెబుతూ పోయారు, చిన్నది రాసుకుంది. మధ్యాహ్నం రాయి పాలిపోయినట్టుంది, సాయంత్రానికి కాల్చిన ఇటుకలా అయింది. ఏ గంట రంగు వేయాలన్న తగువు తిరుగు ప్రయాణమంతా సాగింది.

ఇంకొక సంగతి. పెట్టెలోవి అయిపోయాక మేము అట్టతో, థర్మోకోల్‌తో సొంతంగా పాతబస్తీ ఇళ్లు చేయడం మొదలుపెట్టాము. పెద్దవాడు ఒక ఇంటి గోడకు, కిటికీ పైభాగాన, అడ్డంగా సన్నని గోధుమగీత గీశాడు. ఎందుకని అడిగితే, పాత ఇళ్ల గోడలమీద ఉంటుంది కదా అన్నాడు. వాడు దానిని ఏదో అలంకారమనుకున్నాడు. అది 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ ఊరిమీద పడినప్పుడు నీళ్లు నిలిచిన గుర్తు. వాడు అప్పటికి పుట్టలేదు. మేమిద్దరం ఆ రాత్రి మిద్దెమీద ఎలా గడిపామో, కింద ఇంట్లో పెళ్లినాటి చీరలు, కాగితాలు, బియ్యపు మూటలు ఎలా పోయాయో, మతం కులం చూడకుండా ఎవరెవరు రొట్టెలు పంపారో ఆ గోరంత కిటికీ ముందు కూర్చుని మొదటిసారి పిల్లలకు చెప్పాము. నానాకూ అవన్నీ కొత్తే. ఆయన అప్పట్లో కడప నుండి ఫోను కలవక మూడు రోజులు తిరిగిన సంగతి మాకూ కొత్తే.

ఆ ఇంటి కింది భాగంలో ఒక దుకాణం ఉంది. దానికి రెండు సెంటీమీటర్ల బోర్డు. నానా రాయలేరు, ఆ సంగతిలో అద్భుతమేమీ జరగలేదు. పెద్దవాడి చేతిని బల్లకు ఆనించి, ఎక్కడ కుంచె నొక్కాలో ఎక్కడ తేల్చాలో చెబుతూ ఆయన రాయించారు. ‘కిరాణా’ అన్న మూడక్షరాలకు రెండు ఆదివారాలు పట్టాయి. దీర్ఘం చివర మొన సన్నగా రాలేదని మూడుసార్లు చెరిపించారు. నాలుగో లిపి దాకా నేర్పుతానంటున్నారు. ఆ మధ్య ఒక ఉదయం ఫజ్ర్ తరువాత ఆయన ఇంటికి ఆలస్యంగా వచ్చారు. హోటల్లో కూర్చున్నానని, సాసర్ లేకుండా గ్లాసులో ఇమ్మన్నానని చెప్పి లోపలికి వెళ్లారు.

వేళ వృథా అవుతుందని, ఈ రంగులకయ్యే డబ్బుకు ఇంకేదైనా చేయవచ్చని మా బంధువులలో కొందరంటారు. డబ్బు సంగతి నిజమే, అందుకే నెలకొక సీసాకు మించి కొనడం లేదు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు, గోధుమ, ఈ ఆరు ఉంటే నానా మిగిలినవి కలిపేస్తారు. వేళ విషయంలో మా జవాబు వారికి నచ్చుతుందో లేదో తెలియదు గాని, ఆ వేళ ఇంతకుముందు ఎక్కడికి పోతుండేదో ఫోను ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

ఇప్పుడు బల్లమీద సిద్ధవటం కోట వాకిలి ఉంది. గోడలు అయ్యాయి, ద్వారం చెక్క అయింది. కోట పక్కనే పారే పెన్నా ఇసుక రంగు దగ్గర పని ఆగిపోయింది. పెద్దవాడు పసుపు ఎక్కువంటాడు, నానా తెలుపు ఎక్కువంటారు. వచ్చే వారం కడపలో పెళ్లికి వెళ్లే మామూకు గుప్పెడు ఇసుక తెమ్మని ప్లాస్టిక్ సంచి ఇచ్చి ఉంచాము. అంతవరకు ఆ భాగం ప్రైమర్ మీదే ఉంటుంది.